టూరిన్‌లో కొన్న నల్ల ట్రఫుల్‌కు 5 స్టార్లు, ట్రఫుల్ నూనెకు 1

జూలైలో ఇక్కడ ఇటలీలోని టూరిన్‌లో ఒక చిన్న కొట్లో 20 గ్రాముల నల్ల ట్రఫుల్ (మట్టి కింద పెరిగే, పుట్టగొడుగు లాంటి శిలీంధ్రం), దాంతోపాటు ట్రఫుల్ నూనె సీసా ఒకటి కొన్నాను. చదువుకోడానికి వచ్చిన మనవాళ్లు "అంత డబ్బు పెట్టొచ్చా అన్నా?" అని అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నా.

ట్రఫుల్‌కైతే పెట్టొచ్చు. చిన్న చేమదుంపంత ఉంది, పైన సీతాఫలం కళ్లలా గరుకు బుడిపెలు, కోస్తే లోపల లేత గోధుమ రంగు మీద తెల్లటి చారలు. రెండు గుడ్లతో కలిపి డబ్బాలో మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే పొద్దున్నకి గుడ్లకి కూడా వాసన పట్టేసింది! వేడన్నం, నెయ్యి, ఆ గుడ్ల ఆమ్లెట్, దాని మీద ట్రఫుల్ పల్చగా గీరుకుని తిన్నాను. వండకండి, వేడికి వాసన పోతుంది.

ఆ వాసనే దాని బతుకుతెరువు. దీని పూర్వీకులు నేల మీద గిన్నెల్లా విచ్చుకుని సిద్ధబీజాలను (విత్తనాల్లా పనిచేసే సన్నటి రేణువుల్ని) గాలిలోకి చిమ్మే శిలీంధ్రాలు. నేల కిందికి దిగాక గాలి అందదు కదా, అందుకని అడవిపందుల్నీ ఎలకల్నీ వాసనతో రప్పించి, తవ్వించి, తినిపించి, వాటి పెంటతో బీజాలు చల్లించుకుంటుంది. ఇలా మట్టిలోకి దిగడం వేరువేరు వంశాల్లో విడివిడిగా ఎన్నోసార్లు జరిగింది. రైజోపోగాన్ అనేది అచ్చం ట్రఫుల్‌లా ఉంటుంది గానీ దాని చుట్టరికం గొడుగులా పైకి లేచే పుట్టగొడుగులతో.

అందుకే ఆకారం చూసి కొనకండి, చీటీ మీద లాటిన్ పేరు చదవండి. నాది ట్యూబర్ ఈస్టివమ్, వేసవి రకం. అన్సినాటమ్ అని ఎక్కువ ధరకి అమ్మేది శరదృతువులో పండినది, ఘాటు ఎక్కువుంటుంది నిజమే, కానీ డీఎన్‌ఏ పరీక్షల్లో రెండూ ఒకే జాతని తేలింది. చలికాలంలో వచ్చే ఖరీదైనది మెలనోస్పోరమ్. దానిలాగే కనిపించే ఇండికమ్‌ను 1892లో మన హిమాలయాల నుంచి వర్ణించారు, ఇప్పుడు చైనా నుంచి వస్తోంది, వాసన చాలా తక్కువ. ఈ రెండిటి దగ్గర మాత్రం బాగా జాగ్రత్తగా ఉండాలి.

ఇక నూనె. ఇంటికొచ్చాక సీసా వెనక చిన్న అక్షరాలు చదివితే ఆలివ్ నూనె, అరోమా (అంటే వాసన కోసం కలిపే పదార్థం), అంతే! ఇలాంటి నూనెల్లో ఎక్కువగా కలిపేది ల్యాబ్‌లో చేసిన 2,4-డైథయాపెంటేన్. తెల్ల ట్రఫుల్‌లో సహజంగా ఉండేదే, కానీ అక్కడ ఇంకా బోలెడు వాసనలతో కలిసి ఉంటుంది, ఇక్కడ అదొక్కటే. పప్పులో రెండు చుక్కలు వేశాను, గ్యాస్ లీకైనట్టు వాసనొచ్చి గిన్నెడు పప్పూ పారబోశాను. చాలా బాధేసింది.

అక్టోబర్‌లో ఇక్కడికి దగ్గర్లోని ఆల్బా ఊళ్లో తెల్ల ట్రఫుల్ సంత మొదలవుతుంది. ఆ తెల్లది, అంటే ట్యూబర్ మాగ్నాటమ్, 5 గ్రాములైనా కొని దాని గురించీ రాస్తాను.