ఆవిరి పడవ కిట్టు: ఇంజిన్ బంగారం, బాయిలరు మాట్ల బిందె

పడవ ఇంకా కట్టలేదు. ముందే చెప్పేస్తున్నాను, పడవ ఫొటో ఏదని అడక్కండి. ప్రస్తుతానికి మా వంటగది గట్టు మీద ఒక చెక్క, దాని మీద ఇంజిను, పక్కన బాయిలరు, అంతవరకే వచ్చింది వ్యవహారం. కానీ ఈ కిట్టు కొనాలా వద్దా అని నెల రోజులు తలపట్టుకున్నప్పుడు తెలుగులో నాకు ఒక్క ముక్క దొరకలేదు. అందుకని రాస్తున్నాను.

నేను రాజమండ్రిలో ఒక నర్సింగ్ హోములో ఓటీ టెక్నీషియన్‌ని. పదహారేళ్లుగా ఆటోక్లేవ్, అంటే ఆపరేషన్ పనిముట్లని ఆవిరితో శుద్ధి చేసే యంత్రం, దాని పక్కనే బతుకు. చదరపు అంగుళానికి 15 పౌన్ల ప్రెజరు, 121 డిగ్రీలు అన్నవి నిద్రలో లేపి అడిగినా చెప్తాను. పడవల సంగతి మాత్రం సున్నా. మాది ధవళేశ్వరం, తాతయ్య గోదావరి మీద లాంచీ సరంగు. డీజిల్ లాంచీని కూడా ఆయన చివరిదాకా "స్టీమరు" అనే అన్నాడు. ఆ మాట చెవిలో ఉండిపోయి, నలభై మూడో ఏట మూడడుగుల ఆవిరి పడవ కట్టాలన్న పిచ్చి పుట్టింది.

కొన్నది విదేశం నుంచి వచ్చే కిట్టు. రెండు సిలిండర్ల ఇంజిను, అడ్డంగా పడుకునే రాగి బాయిలరు, గ్యాస్ బర్నరు, దాని చిన్న ట్యాంకు. ధర 19,400. కస్టమ్స్, కొరియరు కలిపి ఇంకో 5,100 గుంజారు. ఈ రెండో అంకె కొనేముందు ఎవరూ చెప్పరు, మీరే కలుపుకోండి.

ఇంజిను గురించి చెప్పాలంటే నాకు నోట మాట రాలేదండి. సిలిండరు లోపలి వ్యాసం 10 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 12. అరచేతిలో కూర్చుంటుంది. ఇందులో వాల్వులు లేవు. సిలిండరే ఉయ్యాలలా అటూ ఇటూ ఊగుతుంది, ఊగేటప్పుడు దాని పక్కనున్న రంధ్రం ఒకసారి ఆవిరి వచ్చే దారికి, ఇంకోసారి బయటికి పోయే దారికి ఎదురొస్తుంది. అంతే యంత్రం. ఒక స్ప్రింగు సిలిండర్ని పలక మీదికి నొక్కిపెట్టి ఉంచుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఈ రకమే ఎందుకు మంచిదో నాకు మొదటిరోజే అర్థమైంది. చల్లటి సిలిండర్‌లోకి ఆవిరి పోగానే నీళ్లయిపోతుంది. నీళ్లు నలగవు కదా, పిస్టన్‌కి అడ్డం పడతాయి. వేరే రకం ఇంజినైతే ఏదో ఒకటి వంగుతుంది. ఇదైతే స్ప్రింగుని కాస్త వెనక్కి తోసి, పక్కనుంచి నీళ్లు ఉమ్మేస్తుంది. నా నైటీ మీద, గోడ మీద, మా ఆయన పేపరు మీద ఉమ్మింది. చక్రాన్ని చేత్తో పది పన్నెండు సార్లు తిప్పి ఒళ్లు వేడెక్కనిస్తే ఆ తర్వాత నోరు మూసుకుని తిరుగుతుంది. ఆ తిరగడం చూడాలి! కుట్టుమిషను కన్నా మెత్తటి చప్పుడు.

నూనె డబ్బా కూడా ఇచ్చారు, తెలివైన వస్తువు. ఆవిరి కొంచెం అందులోకి వెళ్లి నీరై అడుక్కి దిగుతుంది, ఆ మేరకు నూనె పైకి లేచి ఆవిరితో పాటు సిలిండర్‌లోకి పోతుంది. పంపు లేదు, ఏమీ లేదు. కాకపోతే బండి ఇంజినాయిలు పనికిరాదు. 460 గ్రేడు సిలిండరాయిల్ కావాలి. కొట్టువాడు ఐదు లీటర్ల డబ్బానే అమ్ముతానన్నాడు. ఆసుపత్రి పేరు చెప్పి పావు లీటరు పోయించుకున్నాను, దేవుడు క్షమించాలి.

ఇక బాయిలరు. ఇక్కడే నా పంచాయితీ అంతా.

దీన్ని 30 పౌన్ల మీద నడపమని కాగితంలో రాశారు. అంటే మీ ఇంట్లో కుక్కరుకి రెండింతలు. అక్కడ ఆవిరి వేడి 134 డిగ్రీలు. మా ఆసుపత్రిలో తొందరగా పనిముట్లు కావాలంటే ఆటోక్లేవ్‌ని నడిపే వేడి సరిగ్గా అదే, కాబట్టి ఆ వేడి చేతి మీద పడితే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సేఫ్టీ వాల్వు 45 దగ్గర తెరుచుకోవాలి. నేను మంట పెట్టకముందే నీళ్లతో పరీక్ష చేశాను. మీరూ ఇదే చేయండి, గాలితో మాత్రం వద్దు. గాలి నొక్కుకుని స్ప్రింగులా దాక్కుంటుంది, పగిలితే బాంబే. నీళ్లు నలగవు కాబట్టి ఎక్కడైనా చీలినా చిమ్మి ఊరుకుంటాయి. దీనికి ప్రత్యేకమైన పరికరం కొనక్కర్లేదు. ప్లంబర్లు కొత్త పైపు లైన్లకి వాడే చేతి పంపు, మీటరుతో సహా, రోజుకి రెండొందలకి అద్దెకిచ్చారు. బాయిలర్లో బుడగ లేకుండా నిండా నీళ్లు పోసి కొట్టడం మొదలెట్టాను.

45 వచ్చింది. వాల్వు కదల్లేదు. 50. కదల్లేదు. 55 దగ్గర నేనే ఆపేశాను. విప్పి చూస్తే లోపలి చిన్న గోళీకి ఏదో జిగురు పట్టేసి ఉంది, అతికేటప్పుడు వాడిన మందేమో. స్పిరిట్‌లో కడిగి బిగిస్తే 44 దగ్గర టక్కుమని లేచింది. నీళ్ల పరీక్ష చేయకుండా తిన్నగా బర్నరు వెలిగించి ఉంటే? ఆ రోజు గట్టు పక్కన మా చిన్నమ్మాయి నిలబడి ఉంది.

తర్వాత వాల్వు తీసేసి, ఆ రంధ్రం మరతో మూసి, 60 దాకా కొట్టాను. నడిపే ప్రెజరుకి రెట్టింపు పెట్టి చూడటం ఈ పనిలో అందరూ పాటించే లెక్క. 50 దాటగానే నీటిమట్టం చూపించే గాజు గొట్టం మొదట్లో కన్నీటి చుక్క. తుడిచాను. మళ్లీ చుక్క.

మా వీధిలో ఏసీ మెకానిక్కుకి చూపించాను. గోటితో గీరి, "అక్కా, ఇది సీసంతో వేసిన మాటు. మా నాయనమ్మ బిందెకి వేయించేది, అలాంటిది" అన్నాడు. నిజమే. మామూలు సోల్డరు 183 డిగ్రీలకే కరుగుతుంది, అంతకు ముందే బలం తగ్గిపోతుంది. 134 దగ్గర నడిచే పాత్రకి ఇది ఏ మాత్రం ఆగే మాట కాదు. ఇక నీళ్లు అయిపోయి బర్నరు మండుతూనే ఉంటే చెప్పేదేముంది. ఇలాంటి వాటికి వెండి కలిసిన కడ్డీతో, 600 డిగ్రీల పైన కరిగేదానితో అతకాలి. ఆ అబ్బాయి దగ్గర ఆ కడ్డీ ఉంది, చెయ్యీ ఉంది. ఒకటి అతికితే ఆ వేడికి పక్కవి ఊడతాయి కాబట్టి పాత సీసం మొత్తం గీకేసి అన్నీ మళ్లీ అతికాడు. 1,200 తీసుకున్నాడు. మళ్లీ 60 పెట్టి పది నిమిషాలు గడియారం చూస్తూ కూర్చున్నాం, ముల్లు కదిలితే ఒట్టు.

అమ్మినవాళ్లకి ఫొటోలు పంపాను. "మా వస్తువులో లోపం లేదు, ప్రెజరు తగ్గించి వాడుకోండి" అని జవాబు. ప్రెజరు తగ్గించుకోవచ్చు, సరే, ఇరుక్కుపోయిన వాల్వుని కూడా తగ్గించి వాడుకోవాలా?

మా ఆయన అప్పుడు అడిగాడు, "నీ బాయిలరుకి గవర్నమెంటు పర్మిషను అక్కర్లేదా?" అని. మన బాయిలర్ల చట్టం 25 లీటర్ల లోపు పాత్రని లెక్కలోకే తీసుకోదు. నాది నిండా పోసినా 350 మిల్లీలీటర్లు. అంటే దీన్ని చూడటానికి ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. ఆ ఇన్‌స్పెక్టరు మనమే కావాలి.

నడక సంగతి: మూడొంతులు నీళ్లు పోస్తే, మంట పెట్టిన ఆరు నిమిషాలకి ప్రెజరు వచ్చింది, 14 నిమిషాలు తిరిగింది. అమ్మినవాళ్లు 20 అని రాశారు. పడవ మీద ప్రొపెల్లరు బరువు పడితే ఇంకా తగ్గుతుందనే నా అంచనా. గ్యాస్ ట్యాంకుని లైటర్లకి నింపే డబ్బాతోనే నింపుకోవచ్చు, డబ్బా తలకిందులుగా పట్టాలి. నీళ్ల కంటే గ్యాస్ ముందు అయిపోవాలన్నది ఇందులో అసలు సూత్రం. అందుకని తూకం మీద పెట్టి కొంచెం కొంచెంగా నింపి, నా ట్యాంకుకి 18 గ్రాములు సరిపోతాయని తేల్చుకున్నాను. నీళ్లు మాత్రం బ్యాటరీలకి పోసే డిస్టిల్డ్ వాటరే. మా బోరు నీళ్లు పోస్తే నెలలో లోపల సున్నం వేసినట్టవుతుంది, ఆటోక్లేవ్‌లో ఆ గోల చాలా చూశాను.

కిట్టుతో వచ్చిన కాగితం దండగ. బొమ్మలో ఆరు మరలు, సంచిలో ఐదు. ఆరోది లేతు షాపు బాబాయ్ తీసి ఇచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. "అమ్మాయ్, పడవ దిగే రోజు కబురు పెట్టు" అన్నాడు.

కొనాలా అంటే: ఇంజిను ఒక్కటే విడిగా దొరికితే కళ్లు మూసుకుని కొనండి. బాయిలరు కూడా కలిపి తీసుకోవాల్సి వస్తే ఇంకో రెండు వేలు, ఒక ఆదివారం పక్కన పెట్టుకోండి. కొనేముందు అమ్మేవాణ్ని ఒక్కటే అడగండి, ఏ టంకంతో అతికారని. నేను ఆలస్యంగా అడిగాను. "మంచి క్వాలిటీ" అని చెప్పాడు.

ఇంజినుకి ఐదులో నాలుగున్నర స్టార్లు. బాయిలరుకి ఒకటి, అది కూడా రాగి నిజమైన రాగి కాబట్టి.

పడవ లెక్క ఇప్పుడే మొదలుపెట్టాను. సామానంతా తూచితే రెండున్నర కిలోలు, చెక్క కలిపితే ఐదు అవుతుంది. ఐదు కిలోలు తేలాలంటే ఐదు లీటర్ల నీళ్లని పక్కకి తోయాలి. 90 సెంటీమీటర్ల పొడవు, 22 వెడల్పు పెట్టి, పడవ ఆకారం కాబట్టి అదే కొలతల పెట్టెలో సగమే లెక్కేస్తే, ఐదు సెంటీమీటర్ల లోతు మునుగుతుందని వచ్చింది. బాయిలర్లో నీళ్లు ఊగుతాయి కాబట్టి దాన్ని అడుక్కంటా కూర్చోబెట్టాలి. మొదటి నడక గోదావరిలో కాదులెండి, మా అత్తగారింటి కుడితి తొట్టిలో. గేదెలు ఒప్పుకున్నాక.