ఆర్క్‌నీ "రెండు నిమిషాల ఫ్లైట్" ప్యాకేజీ కొనేవాళ్లు జాగ్రత్త

గ్రూపుల్లో తిరుగుతున్న ఆ స్కాట్లాండ్ ప్యాకేజీ సంగతే. అక్కడి ఆర్క్‌నీ దీవుల్లో వెస్ట్రే నుంచి పక్కనున్న పాపా వెస్ట్రే దీవికి విమానంలో రెండు నిమిషాలే, ప్యాకేజీ అమ్మేది ఆ ముచ్చటకే. అమ్మేది ఎవరో అందరికీ తెలుసు, పేరెందుకు. పోస్టర్ మీద ఎర్రక్షరాలతో "ప్రపంచంలోకెల్లా అతి చిన్న విమాన ప్రయాణం". చేతికొచ్చిన టికెట్ మాత్రం ఆర్క్‌నీ ప్రధాన పట్టణం కిర్క్‌వాల్ నుంచి పాపా వెస్ట్రేకి. విమానం వెస్ట్రేలో దిగనే లేదు. తిరుగు ప్రయాణమూ నేరుగానే.

ఫోన్ చేస్తే ఆయనగారి జవాబు: "దీవికి చేరారా లేదా? రెండు నిమిషాలు తగ్గితే ఏం పోయిందండీ?"

ఏం పోయిందా! డబ్బు కట్టిందే ఆ రెండు నిమిషాలకి. పెళ్లికి పిలిచి తాళి కట్టే వేళకి లైట్లార్పేసి, భోజనం పెట్టాంగా అన్నట్టుంది. పైగా వాట్సాప్‌లో ఓ స్క్రీన్‌షాట్ పడేశాడు. ఏదో దూరాలు లెక్కగట్టే సైటు. వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకి 30 నిమిషాలట. "చూడండి, రెండు నిమిషాలని ఎవరన్నారు?" మరి ఆ పోస్టర్ మా తాతయ్య వేశాడా?

ఆ సైట్ల లెక్క తెలిసిందే. రెండు ఎయిర్‌పోర్టుల మధ్య సరళరేఖ దూరం తీసుకుని, గంటకి 800 కి.మీ. జెట్ వేగంతో భాగించి, టేకాఫ్ ల్యాండింగులకి అరగంట కలిపేస్తాయి. ఇక్కడ దూరం 2.7 కి.మీ. జెట్ లెక్కన 12 సెకన్లు, మిగతాదంతా ఆ కలిపిన అరగంటే. అసలు అక్కడ ఎగిరేది జెట్టే కాదు, బ్రిటెన్-నార్మన్ ఐలాండర్: రెండు ప్రొపెల్లర్లు, 8 మంది ప్రయాణికులు. ఈ మార్గాన్ని 1967 నుంచి విమాన సంస్థ లోగన్ఎయిర్ నడుపుతోంది. టైమ్‌టేబుల్లో 2 నిమిషాలు, వెనకగాలి బాగుంటే ఇంకా తక్కువ, రికార్డు 53 సెకన్లు.

అసలు మెలిక ఇంకోచోట ఉంది. కిర్క్‌వాల్ నుంచి రెండు దీవులూ దాదాపు 44 కి.మీ.లే. ఏది ముందు దిగినా విమానానికి ఒకటే. అందుకే కొన్ని సర్వీసులు వెస్ట్రే మీదుగా పాపాకి, కొన్ని పాపా మీదుగా వెస్ట్రేకి, కొన్ని నేరుగా. పాపాలో ముందు ఆగే విమానమైతే, పాపా టికెట్ ఉన్నవాళ్లు అక్కడే దిగిపోతారు, అసలు ముక్క మిగతావాళ్లకి దక్కుతుంది. రోజూ టికెట్లమ్మేవాడికి ఇది తెలియదా? తెలుసుకోకుండా డబ్బు కట్టిన తెలివి నాది.

ఇంకా కొనాలనిపిస్తే, టికెట్లో వెస్ట్రే–పాపా వెస్ట్రే విడి సెక్టార్‌గా ఉందా చూడండి, ఎయిర్‌పోర్టు కోడ్‌లు వరసగా: డబ్ల్యూఆర్‌వై, పీపీడబ్ల్యూ. కేఓఐ (కిర్క్‌వాల్)–పీపీడబ్ల్యూ అని మాత్రమే ఉంటే కట్టకండి. పొగమంచు పడితే ఐలాండర్ కదలదు, కాబట్టి కిర్క్‌వాల్ నుంచి ఎడిన్‌బరో ఫ్లైట్ అదే సాయంత్రం పెట్టుకోవద్దు. 100 పౌండ్లు దాటితే క్రెడిట్ కార్డుతో కట్టండి, బ్రిటన్ వినియోగదారుల రుణ చట్టం సెక్షన్ 75 కింద డబ్బు వాపసుకి బ్యాంకుని అడగొచ్చు. నేను బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ చేశాను. శభాష్ నాకు.