పెట్టె బిగిస్తే మంచం, విప్పితే సీటు: జిమ్నీలో మారేడుమిల్లి, లంబసింగి, వంజంగి

లోపల సామాన్లు, పైన పడక ఉండేలా బండిలో పెట్టే పెట్టె నాకు రెండోసారికి గానీ కుదరలేదు. మొదటిసారి మా కార్పెంటర్ మాట విన్నాను. "కిచెన్ కప్‌బోర్డుకే 18 ఎంఎం ప్లైవుడ్ వేస్తాం సార్, గతుకుల్లో తిరిగే బండికి అంతకన్నా తక్కువ వేస్తారా?" అన్నాడు. న్యాయంగానే తోచింది. రెండు షీట్లతో దిట్టమైన పెట్టె తయారైంది. దాన్ని కిందికి దింపడానికి నేనూ, మా బావమరిదీ, వాచ్‌మనూ కలిసి పట్టినా నడుములు పట్టేశాయి. ఒక్కో షీటే 35 కిలోల పైమాట మరి! పేరుకు విప్పుకునే పెట్టె, నిజానికి బండిలోంచి కదలని పెట్టె.

మాది 5 డోర్ల మారుతి జిమ్నీ. ఊళ్లో ఉన్నప్పుడు అమ్మానాన్నలకు వెనక సీటు కావాలి. సీట్లు ఎత్తి ఉంచితే డిక్కీ 208 లీటర్లు, మడిస్తే 332. పైగా ఈ బండి మనుషులతో కలిపి మోయగలిగింది సుమారు 340 కిలోలే. మేమిద్దరం, నీళ్ల క్యాన్లు, స్టవ్, దుప్పట్లు ఎక్కేసరికి సగానికి పైగా అయిపోతుంది. ఇంక పెట్టెకే 70 కిలోలు ఇస్తే ఏం మిగులుతుంది?

రెండోసారి 12 ఎంఎం మెరైన్ ప్లై తెచ్చి, ఒక్క పెట్టెను రెండు చేయించాను. ఎడమ దాంట్లో సొరుగు, కుడి దాంట్లో పైనుంచి తెరిచే అర. ఒక్కోటి 18 కిలోలు, ఒక్కణ్ణే ఎత్తుకోగలను. రెండింటినీ కలిపేవి నాలుగు రెక్కల నట్లు. పానా అక్కర్లేదు, వేళ్లతోనే తిరుగుతాయి. బండికి కొత్తగా రంధ్రం ఒక్కటి కూడా కొట్టలేదు. కంపెనీ ఇచ్చిన కొక్కేలకే రాట్చెట్ పట్టీలు (లాగి బిగించే బెల్టులు) బిగించాను. సీటు బెల్టుల బోల్టుల జోలికి వెళ్లవద్దని ముందే ఒట్టు పెట్టుకున్నాను. ముందు సీటు జరిపి, పెట్టెల మీది మడత పలక పరిస్తే పడక. ప్లై, సొరుగు జరగడానికి 45 కిలోలు మోసే చానెల్ జత, రాణీగంజ్‌లో కొన్న నట్లూ బోల్టులూ, రెండు రోజుల కూలీ కలిపి 12,400 అయింది. మొదటి పెట్టె ఖర్చు మాత్రం మా ఆవిడ అడిగినప్పుడల్లా తగ్గించే చెబుతున్నాను.

డిసెంబరులో హైదరాబాద్ నుంచి బయల్దేరాం. సూర్యాపేట, ఖమ్మం, కొత్తగూడెం మీదుగా భద్రాచలం. ఆ రాత్రి లాడ్జిలోనే. గుడి ఊళ్లో 900కి వేడినీళ్ల గది దొరుకుతుంటే బండిలో ముడుచుకోవడం ఎందుకు?

మర్నాడు భద్రాచలం దాటినప్పటినుంచి వెనక టక్ టక్ టక్. గిన్నెలనుకుని తువ్వాళ్లు చుట్టాం. టిఫిన్ బాక్సు అనుకుని ఒళ్లో పెట్టుకుంది మా ఆవిడ. ఆగలేదు. చింతూరులో గాలి కొట్టించుకుంటుంటే పంచర్ షాపు అబ్బాయి బండిలోకి తల పెట్టి, పెట్టె మీద అరచెయ్యి ఆనించి, "అన్నా, నట్టు వదులైంది. ప్లై మీద ప్లై కొట్టుకుంటోంది" అన్నాడు. పాత సైకిల్ ట్యూబు కత్తిరించి, మధ్యలో మేకుతో పొడిచి, నాలుగు వాషర్లు చేశాడు. రెండు పెట్టెల మధ్య ఇంకో పొడుగాటి ముక్క. ఇరవై రూపాయలు తీసుకున్నాడు. ఇంటికొచ్చేదాకా మళ్లీ చప్పుడు లేదు. మొత్తం ప్రయాణంలో నేను అందుకున్న సేవల్లో దీనికే మొదటి మార్కు.

చింతూరు నుంచి మారేడుమిల్లి ఘాట్ రోడ్డు పగలే ఎక్కాలి. అడవి ఒత్తుగా, మలుపులు మరీ దగ్గరగా ఉంటాయి. ఆ ఎక్కుడులో సొరుగు వెనక్కి జారి తలుపుకు ఆనుకుందని నాకు తెలియదు. మారేడుమిల్లిలో వాలుగా బండి ఆపి తలుపు తీశానో లేదో, సొరుగు దూసుకొచ్చి మోకాలి చిప్పకు తగిలింది. దాంతోపాటే గోంగూర సీసా మూత ఊడి, నూనె చానెల్ పొడుగునా పారింది. చానెల్ అప్పట్నుంచి మెత్తగా జరుగుతోంది, అది వేరే విషయం. తర్వాత రంపచోడవరంలో ఆగి చిన్న గడియ కొని బిగించాను. ఇంటి తలుపుకు వేసే మామూలు గడియే. చానెల్ ఎంత ఖరీదుదైనా గడియ లేని సొరుగు కొండల్లోకి పనికిరాదు.

మారేడుమిల్లి బొంగు చికెన్ గురించి కొత్తగా చెప్పడానికేం లేదు. వెదురు పచ్చిగా ఉండి, మన కళ్లముందు కాల్చినదైతేనే తినండి. దగ్గర్లోని గుడిసె అనే కొండ మీద రాత్రి గుడారం వేయనివ్వరు, వేకువనే వెళ్లి రావాల్సిందే. బస మాత్రం నిరాశపరిచింది. మేం దిగిన క్యాంపులో, టెంటు వద్దు, బండిలోనే పడుకుంటామన్నా టెంటు డబ్బులే 1,500 తీసుకున్నారు. పన్నెండు టెంట్లకు రెండు బాత్‌రూములు. రాత్రి పదకొండున్నర దాకా స్పీకర్ మోత. చోటు వాగు పక్కన, చక్కనిదే. కానీ ఆ ధరకు ఊళ్లో గది తీసుకుని, వాగు దగ్గరికి పగలు వెళ్లొచ్చు.

రంపచోడవరం, రాజవొమ్మంగి, కృష్ణదేవిపేట మీదుగా లంబసింగి. కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధి దగ్గర ఆగి, నీడలో సొరుగు లాగి ఉప్మా చేసుకుందామనుకున్నాం. అక్కడికి వెళ్లాక సమాధి పక్కన స్టవ్ వెలిగించబుద్ధి కాలేదు. ఊరు దాటాక చేసుకున్నాం. జిమ్నీ వెనక తలుపు పక్కకు తెరుచుకుంటుంది, పైకి లేవదు. కాబట్టి ఎండైనా మంచైనా వంట చేసేవాడి నెత్తిన గొడుగు ఉండదు. పైన ఉన్న క్యారియర్‌కు టార్పాలిన్ కట్టి, రెండు కర్రలు పాతితే గానీ పని కాదు.

లంబసింగిలో ఒక ఇంటివాళ్ల పెరట్లో బండి పెట్టుకోనిచ్చారు. బాత్‌రూము, పొద్దున్నే కట్టెపొయ్యి మీద కాగిన బకెట్ నీళ్లు కలిపి 400. "మా బిడ్డల మంచం ఉందిగా అమ్మా, బండిలో పడుకోవడమేంటి?" అని ఆ ఇంటావిడ రెండుసార్లు అడిగింది. పెట్టె పడక అక్కడే సార్థకమైంది. ఒక్క మాట: అద్దాలు పూర్తిగా మూసేస్తే తెల్లారేసరికి లోపల చెమ్మ కారి దుప్పటి తడుస్తుంది. రెండు వేళ్ల సందు వదిలి దోమతెర వేశాం. ఏజెన్సీలో మలేరియా ఉంది, తెర మరవద్దు. చలేస్తోందని ఇంజన్ ఆన్ చేసి నిద్రపోవద్దు, ఆ పొగ ప్రాణం తీస్తుంది. ఇక ఆ వెడల్పులో ఒకరు అటు తిరిగితే రెండోవాళ్లూ తిరగాలి.

చింతపల్లి నుంచి పాడేరు దాకా దారి పొడుగునా వలిసె పూలు, ఇళ్ల ముందు ఆరబోసిన కాఫీ గింజలు. ఆ రాత్రి వంజంగి కొండ కింద బండిలోనే పడుకున్నాం. నిద్ర పట్టిందని చెప్పను. తెల్లారి కొండమీంచి మేఘాలు చూడ్డానికి వచ్చేవాళ్లతో రెండున్నర నుంచే బళ్లు, హారన్లు, హెడ్‌లైట్లు. అయితే పాడేరులో లాడ్జి తీసుకున్నవాళ్లు చీకట్లో మంచులో తడుముకుంటూ వస్తుంటే, మేం టీ కాచుకుని నింపాదిగా నడక మొదలుపెట్టాం. కొండమీది మేఘాల కోసం ఒక రాత్రి నిద్ర పాడు చేసుకోవచ్చు. రెండో రాత్రి మాత్రం నేనైతే లాడ్జికే ఓటేస్తాను.

తిరిగి ఇల్లు చేరేసరికి రాత్రి పన్నెండు. పొద్దున ఆరింటికి కాచిగూడ స్టేషన్‌లో అమ్మానాన్నలు దిగుతున్నారు. ఐదింటికి లేచి, పట్టీలు వదిలి, నాలుగు నట్లు విప్పి, రెండు పెట్టెలూ లిఫ్ట్‌లో బాల్కనీకి చేర్చి, సీట్లు లేపడానికి పద్నాలుగు నిమిషాలు పట్టింది, అదీ ఒక్కణ్ణే. స్టేషన్ నుంచి వస్తూ అమ్మ వెనక సీట్లో అటూ ఇటూ చూసి, "ఏరా, బండిలో గోంగూర వాసన వస్తోందేమిటి?" అంది.