మూడేళ్ల పిల్లలకి ఏది మేలు? అడవి బడి, వాల్డార్ఫ్, మాంటిస్సోరి, ప్లే స్కూల్, అంగన్‌వాడీ

పాపకి మూడేళ్లు నిండగానే ఇంట్లో మొదలయ్యే టెన్షన్, ఏ బడిలో వేయాలన్నదే. ఒకప్పుడు ఇంటికి ఎంత దూరం, ఫీజు ఎంత అని అడిగితే సరిపోయేది. ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో మాంటిస్సోరి, వాల్డార్ఫ్, నేచర్ స్కూల్ అంటూ రకరకాల బోర్డులు. వాటితో పాటు మామూలు ప్లే స్కూళ్లు, వీధి చివర అంగన్‌వాడీ. ఎవరిని అడిగినా ఆటపాటలతోనే చదువు చెప్తామంటారు.

బోర్డు సంగతి పక్కన పెట్టి మూడు విషయాలు చూడమని నేను చెప్తాను. పిల్లలు రోజులో ఎంతసేపు ఆరుబయట ఉంటారు? వాళ్ల చేతికి ఏం తగులుతుంది, మట్టీ నీళ్లూ ఆకులా, లేక ప్లాస్టిక్ ఒక్కటేనా? గోడకి అంటించిన బొమ్మ పిల్లలు వేసిందా, టీచర్ వేయించిందా? ఆరేళ్ల లోపు వయసుకి ఇంతకంటే ముఖ్యమైన ప్రశ్నలు నాకు కనిపించవు.

ఈ లెక్కన అందరికంటే ముందుండేది అడవి బడి. 1950లలో డెన్మార్క్‌లో ఎల్లా ఫ్లాటౌ అనే ఆమె తన పిల్లలతో పాటు ఇరుగుపొరుగు పిల్లల్ని కూడా రోజూ అడవికి తీసుకెళ్లి ఆడించేది. ఆ పద్ధతి మెల్లగా పాకింది. జర్మనీలోని ఫ్లెన్స్‌బర్గ్‌లో 1993లో ఇలాంటి బడికి మొదటిసారి ప్రభుత్వ గుర్తింపు దొరికింది. ఇప్పుడు ఆ దేశంలో ఇవి వేయికి పైగానే ఉన్నాయి. అక్కడ పిల్లలు పొద్దున్నే అడవి అంచున కలుసుకుని లోపలికి నడుస్తారు. చలి మరీ ఎక్కువైతే తలదాచుకోవడానికి చెక్కబండి లాంటి చిన్న గది ఉంటుంది. పెనుగాలి వీచే రోజున కొమ్మలు విరిగిపడతాయని అడవిలోకి వెళ్లరు. మిగతా రోజుల్లో వానైనా మంచైనా బయటే. కొన్న బొమ్మలు దాదాపు ఉండవు. పుల్లలు, రాళ్లు, బురద, చెట్టు కాయలతోనే ఆట. కాస్త పెద్ద పిల్లలు టీచర్ పక్కన కూర్చుని చాకుతో పుల్లలు చెక్కుతారు కూడా.

దీనివల్ల ఏం ఒరుగుతుందని తాతయ్యలు, అమ్మమ్మలు అడగడం సహజమే. కళ్లతో మొదలుపెడదాం. చైనాలోని గ్వాంగ్‌జౌలో 12 బడుల్లో ఒకటో తరగతి పిల్లల మీద మూడేళ్లు సాగిన అధ్యయనం 2015లో అచ్చయింది. సగం బడుల్లో పిల్లల్ని రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట ఉంచారు. మూడేళ్లలో అక్కడ 30.4 శాతం మందికి సైట్, అంటే హ్రస్వదృష్టి వస్తే, మిగతా బడుల్లో 39.5 శాతం మందికి వచ్చింది. ఖర్చు లేని మందు ఇది. ఫిన్లాండ్‌లో ఇంకో ప్రయోగం చేసి 2020లో ఫలితాలు ప్రకటించారు. డేకేర్ ఆవరణల్లో అడవి నేల, పచ్చిక పరిచి పిల్లల్ని 28 రోజులు ఆడనిచ్చారు. వాళ్ల చర్మం మీద మేలుచేసే సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగింది, రోగనిరోధక శక్తికి సంబంధించిన కొన్ని సూచికలు మెరుగయ్యాయి. మన్నులో ఆడితే జబ్బులొస్తాయని పిల్లల్ని లోపలికి లాక్కొచ్చే మనం ఒకసారి ఆలోచించాల్సిన విషయం.

అయితే జర్మనీ పద్ధతిని ఉన్నదున్నట్టు దించుకుంటే ఇక్కడ నడవదు. చలికి ఇంకో స్వెట్టర్ తొడగొచ్చు, ఏప్రిల్‌లో రామగుండం ఎండకి ఏం తొడుగుతాం? అందుకే మన దగ్గర ఆరుబయట బడి అంటే వేళల లెక్క. ఎండాకాలం ఒంటిపూట బడుల అలవాటు మనకి ఎప్పటినుంచో ఉంది. పసిపిల్లలకైతే ఆ రోజుల్లో ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా చెట్టు నీడన ఆడించి లోపలికి తీసుకురావాలి. జూలై నుంచి ఫిబ్రవరి దాకా మాత్రం మన వాతావరణమే మెరుగు. మన వాన వెచ్చని వాన. జర్మన్ పిల్లలకి నెత్తి నుంచి కాళ్ల దాకా వాటర్‌ప్రూఫ్ దుస్తులు కావాలి, మన పిల్లలకి మార్చుకోవడానికి ఒక జత బట్టలుంటే చాలు. ఉరుములు వినిపిస్తే మాత్రం వెంటనే లోపలికి రావాల్సిందే. దోమలకి నిండు చేతుల చొక్కా, పాముల భయానికి తుప్పలు కొట్టేసిన ఆవరణ, ఇవి బడివాళ్లు చూసుకోవాల్సిన పనులు.

ఇక వాల్డార్ఫ్, మాంటిస్సోరి. తల్లిదండ్రులు ఎక్కువగా తికమకపడేది ఈ రెండింటి మధ్యే. మాంటిస్సోరి 1907లో రోమ్‌లోని పేదల వాడలో మొదలైంది. వాల్డార్ఫ్ 1919లో ష్టుట్‌గార్ట్‌లో, ఒక సిగరెట్ ఫ్యాక్టరీ కార్మికుల పిల్లల కోసం. మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా ఈ దేశంలోనే ఉండి వందలమంది టీచర్లకి శిక్షణ ఇచ్చింది. అందుకే ఆ పేరు మనకి ఇంత దగ్గరైంది. హైదరాబాద్‌లో వాల్డార్ఫ్ బడులు వచ్చింది 1990ల చివర్లో.

తేడా చేతి పనిలో తెలుస్తుంది. మాంటిస్సోరి గదిలో ప్రతి వస్తువుకీ ఒక పద్ధతి ఉంటుంది. గులాబీ రంగు దిమ్మలు పెద్దది నుంచి చిన్నదాకా పేర్చాలి. కూజాలోంచి గ్లాసులోకి ఒలకకుండా నీళ్లు పోయాలి. గరుకు కాగితం అక్షరాల మీద వేలు పెట్టి దిద్దాలి. నాలుగేళ్ల పిల్లవాడు ఎవరూ చెప్పకుండా తన పళ్లెం తానే కడిగి పెట్టడం చూస్తే ముచ్చటేస్తుంది. కానీ అక్కడ దిమ్మని రైలు చేసి ఆడుకుందామంటే సాధారణంగా కుదరదు. వాల్డార్ఫ్‌లో ఆ రైలుకే పెద్దపీట. కళ్లూ ముక్కూ పెద్దగా లేని గుడ్డ బొమ్మలు, చెక్క ముక్కలు, తడి కాగితం మీద నీటి రంగులు, తేనెమైనంతో బొమ్మలు, పుస్తకం చూడకుండా టీచర్ నోటితో చెప్పే కథలు. ఒకటో తరగతి దాకా అక్షరాలు ముట్టుకోరు.

కళల విషయంలో నా ఓటు వాల్డార్ఫ్‌కే. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. తేనెమైనం, ఊలు, యూరప్ అద్భుత కథలు లేకపోతే అది వాల్డార్ఫ్ కాదన్నట్టు ఉండే బడులు నాకు నచ్చవు. మన పెరట్లో రంగులకి కరువేముంది? బచ్చలి పండ్లు నలిపితే ఊదారంగు సిరా. పసుపు నీళ్లలో చిటికెడు సున్నం పెద్దవాళ్లు కలిపితే పిల్లల కళ్లముందే ఎర్రబడుతుంది. చెరువు బంకమట్టి చేతిలో పెడితే ఎడ్లబండి చేయని పిల్లలుండరు. ముగ్గుపిండి వేళ్ల మధ్యనుంచి సన్నగా వదలడం పెన్సిల్ పట్టడానికి ఎంత మంచి సాధనో! బతుకమ్మ రోజుల్లో తంగేడు, గునుగు పూలు రంగుల వారీగా వరసలు పేర్చడంలో లెక్కా ఉంది, కళా ఉంది. ఏటికొప్పాక లక్కబొమ్మలు మెత్తటి అంకుడు కర్రతో, మొక్కల నుంచి తీసిన రంగులతో చేసేవి. చెక్కబొమ్మల కోసం జర్మనీ కేటలాగులు తిరగేయాల్సిన పనిలేదు. ఇవన్నీ వాడుకునే టీచర్ ఉంటే ఆ బడి పేరు ఏదైనా నాకు సమ్మతమే.

ఏసీ గది, రబ్బరు మ్యాట్, ప్లాస్టిక్ జారుడుబల్ల, రోజుకో వర్క్‌షీట్ ఉండే ప్లే స్కూళ్ల గురించి ఎక్కువ చెప్పను. ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్లే ఇంట్లో సాయంత్రం దాకా చూసుకునే చోటు కావాలి, ఆ అవసరం నిజమైనది. అలాంటప్పుడు రోజుకి గంటైనా పార్కుకి తీసుకెళ్తారా అని అడిగి చేర్చండి. తొందరగా అక్షరాలు వస్తే తర్వాత ముందుంటారన్న ఆశ మాత్రం పెట్టుకోవద్దు. అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో దాదాపు మూడు వేల మంది పిల్లల్ని లాటరీ పద్ధతిలో ఎంచి, కొందరిని ప్రభుత్వ ప్రీ-కేలో, అంటే బడికి ముందు ఏడాది నడిపే తరగతిలో చేర్చి, ఆరో తరగతి దాకా గమనించారు. చేరిన పిల్లలు మొదట్లో ముందున్నారు. 2022లో వచ్చిన ఫలితాల ప్రకారం ఆరో తరగతికి వచ్చేసరికి చేరని వాళ్లకంటే మార్కుల్లో వెనకబడ్డారు. ఆడుకున్న పిల్లలే గెలిచారని ఈ అధ్యయనం చెప్పలేదు. తొలి ఏడాది ఆధిక్యం నిలవదని మాత్రం స్పష్టంగా చూపించింది.

అంగన్‌వాడీని చాలామంది అసలు లెక్కలోకే తీసుకోరు. నాకు బాధ కలిగించేది ఇదే. ప్రకృతి ఒడిలో శిశువిద్య విదేశీ సరుకని అనుకుంటాం. శిశువిద్యావేత్త తారాబాయి మోడక్ 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో పని మొదలుపెట్టినప్పుడు, పేద పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ల వాకిళ్లలోకి తీసుకెళ్లింది. అనుతాయి వాఘ్ ఆమెకు తోడైంది. గులకరాళ్లు, గింజలు, ఆకులు, గవ్వలే అక్కడ పాఠ్య సామగ్రి. తర్వాత కోస్బాడ్‌లో పశువులు కాసే పిల్లల కోసం మేత బీళ్లలోనే బడి నడిపారు. వాకిలి బడి అన్న ఆ ఆలోచనే 1975 అక్టోబర్ 2న మొదలైన ఐసీడీఎస్, అంటే అంగన్‌వాడీలు నడిపే కేంద్ర ప్రభుత్వ శిశు అభివృద్ధి పథకం ద్వారా దేశమంతా వెళ్లింది. ఇప్పుడు దేశంలో దాదాపు 14 లక్షల అంగన్‌వాడీలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలు, తెలంగాణలో 35 వేలు దాటి ఉన్నాయి.

ఇంటి భాష, నడిచి వెళ్లేంత దూరం, వేడి అన్నం, కోడిగుడ్డు, రకరకాల వయసుల పిల్లలు కలిసి ఆడటం, ఇవన్నీ అంగన్‌వాడీలో ఫీజు లేకుండా దొరుకుతాయి. పట్నాల్లో ఇరుకు అద్దె గదులు, టీచర్ నెత్తిన రిజిస్టర్లు, ఫోన్ యాప్‌లు, సర్వేలు దాని లోపాలు. ఆమె పిల్లలతో కూర్చునే వేళని ఇవే తినేస్తున్నాయి. పల్లెలో వేపచెట్టు నీడ, కాస్త ఆవరణ ఉన్న కేంద్రమైతే నేను సంకోచం లేకుండా పంపమంటాను.

పట్నంలో నా వరస ఇది. చెట్లున్న ఆవరణలో రోజుకి రెండు గంటలైనా బయట ఉంచే బడి మొదటిది, బోర్డు ఏదైనా సరే. అందులో వాల్డార్ఫ్ దొరికితే ఇంకా మంచిది. ఆవరణ లేకుండా మాంటిస్సోరి ఒక్కటే దొరికితే, సాయంత్రం గంటన్నర మట్టిలో ఆడించే పూచీ మీరు తీసుకోవాలి. 2020 జాతీయ విద్యావిధానం ప్రకారం ఒకటో తరగతి ఆరేళ్లకే, ఆ ముందు మూడేళ్లూ ఆటతో సాగాలి. కానీ కొన్ని ప్రైవేట్ బడులు ఒకటో తరగతిలో చేర్చుకునేటప్పుడు చదవడం వచ్చా అని ఇంకా అడుగుతున్నాయి. మీరు అనుకున్న బడి అలాంటిదైతే, వాల్డార్ఫ్ చివరి ఏడాదిలో ఇంట్లో మెల్లగా అక్షరాలు మొదలుపెట్టండి.

బడి చూడటానికి వెళ్లేటప్పుడు ఉదయం పది గంటల వేళ, పిల్లలున్నప్పుడు వెళ్లండి. గోడ మీద ఇరవై సీతాకోకచిలుకలు ఒకేలా ఉంటే అవి టీచర్ చేసినవే. ఆవరణలో ఇసుక ఉంటే అది తడిగా, తవ్వినట్టు ఉందా చూడండి. ఎంతమంది పిల్లలకి ఒక పెద్ద మనిషి ఉన్నారో లెక్కపెట్టండి. జర్మనీ అడవి బడుల్లో సాధారణంగా ఇరవై మంది లోపు పిల్లలకి కనీసం ఇద్దరు ఉంటారు. ముల్లు గుచ్చుకుంటే ఏం చేస్తారని ఆయమ్మని అడగండి. మా దగ్గర ముళ్లే ఉండవని అంటే పిల్లల్ని బయటికి పంపడం లేదని అర్థం. సూదితో ఎలా తీస్తారో, ఏ మందు రాస్తారో, మీకు ఎప్పుడు ఫోన్ చేస్తారో గబగబా చెప్పగలిగితే ఫీజు సంగతి మాట్లాడండి.