వాట్సాప్ గ్రూపా, వారోత్సవాలా?

మా శాఖా గ్రంథాలయ పాఠకులకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలూ జరుపుతాం. కొత్త పుస్తకం వచ్చిందన్న కబురు చేరవేయడంలో గ్రూపుకు సాటి లేదు. అట్ట ఫోటో పెడితే సాయంత్రానికే ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు. ఊరు విడిచి వెళ్లిన పాత పాఠకులూ అందులోనే పలకరిస్తారు. అంతవరకే. చర్చ మొదలుపెడితే నాలుగు చప్పట్ల బొమ్మలు వస్తాయి, ఆపై అది శుభోదయాల కింద మునిగిపోతుంది.

వారోత్సవాలకు శ్రమ ఎక్కువ, వచ్చేవారు తక్కువ. అయినా నిరుడు కథాపఠనం రోజున, గ్రూపులో ఏనాడూ ఒక్క మాట రాయని పెద్దావిడ బల్ల అంచు పట్టుకుని లేచి, తనకు నచ్చిన కథ గురించి పది నిమిషాలు మాట్లాడారు. వెనక వరుసలోని పిల్లలు కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. ఆమె కూర్చోగానే ఓ అమ్మాయి ఆ పుస్తకం ఏ బీరువాలో ఉందని అడిగింది. 1914లో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగిందీ ఇలా ఎదురెదురుగా కూర్చునే.

ఒక్కటే ఉంచుకోమంటే నేను వారోత్సవాలనే ఉంచుకుంటాను. కొత్త పుస్తకాల కబురు నల్లబల్ల మీద సుద్దముక్కతోనైనా రాయగలను.