తల్లి జైల్లో ఉంటే బిడ్డ ఎక్కడుండాలి, ఏది మేలు?

ఈ టాపిక్ వస్తే చాలు మనవాళ్లు రెండు పార్టీలైపోతారు, పసివాడేం పాపం చేశాడని జైల్లో పెడతారు అని సగం మంది, తల్లి దగ్గర కాకపోతే ఇంకెవరు సాకుతారు అని సగం మంది. రూల్ అయితే క్లియర్‌గానే ఉంది, 2006లో ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో (అవును, మన రాష్ట్రం పేరు మీదే) సుప్రీంకోర్టు చెప్పింది, ఆరేళ్లు వచ్చేదాకా బిడ్డని తల్లితో ఉంచుకోవచ్చు, కాన్పు వీలైనంతవరకు బయట ఆస్పత్రిలోనే జరగాలి, బర్త్ సర్టిఫికెట్‌లో పుట్టిన చోటు జైలు అని రాయకూడదు అని.

పాలు తాగే బిడ్డ విషయంలో నాకు డౌటే లేదు, తల్లి దగ్గరే ఉండాలి. ఆ వయసులో విడదీస్తే శిక్ష బిడ్డకి కూడా వేసినట్టే.

మూడేళ్లు దాటాకే అసలు చిక్కు. జైల్లో పెరిగిన పిల్లల గురించి ఆ తీర్పులోనే రాశారు, బయటికి తీసుకొస్తే రోడ్డు మీద జంతువుల్ని చూసి భయపడతారంట, మగపిల్లలు కూడా చుట్టూ ఆడవాళ్లే కాబట్టి వాళ్లలాగే మాట్లాడతారంట. చదివినప్పుడు చాలాసేపు అక్కడే ఆగిపోయా. అందుకే క్రెష్ (పసిపిల్లల్ని పగలు చూసుకునే చోటు), నర్సరీ వీలైతే జైలు గోడకి బయటే నడపమన్నారు, పగలంతా బయట పిల్లలతో ఆడుకుని రాత్రికి అమ్మ పక్కన పడుకుంటాడు, ఈ పద్ధతి సరిగ్గా నడిస్తే ఆరేళ్ల దాకా నాకు ఓకే. లోపలే ఒక గదికి బొమ్మలేసి అంగన్‌వాడీ అంటే మాత్రం కాదు.

అమ్మమ్మ దగ్గరో హాస్టల్లోనో ఉంచితే స్కూలు, స్నేహితులు అన్నీ దొరుకుతాయి నిజమే, కానీ తల్లి? ఆరేళ్లు నిండాక ప్రభుత్వ హోంలో ఉంచిన బిడ్డకి వారానికి ఒక్కసారైనా తల్లిని చూపించాలని అదే తీర్పు చెప్పింది, అదే అమ్మమ్మ దగ్గరుంటే, ఆదిలాబాద్‌లో ఉన్న ముసలావిడ పిల్లాడిని తీసుకుని ప్రతి వారం చంచల్‌గూడ మహిళా జైలుకి ములాఖత్‌కి రావాలంటే పోను మూడొందల కిలోమీటర్లు, కూలి పోయె, ఛార్జీలు పోయె, రెండు నెలలయ్యాక వస్తుందా చెప్పండి.

నన్నడిగితే అన్నిటికంటే మేలైంది మూడోది, తల్లినే ఇంటికి పంపడం. శిక్ష పడినవాళ్ల సంగతి వేరు, కేసు ఇంకా తేలని రిమాండ్ ఖైదీల గురించి అంటున్నా. ఆడవాళ్లకి బెయిల్ విషయంలో ప్రత్యేకంగా చూడొచ్చని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 437వ సెక్షన్‌లోనే ఉంది, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టంలో 480. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాళ్లు గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపలే గడిపేస్తే వదలమని అదే చట్టంలో 479 చెప్తోంది, యావజ్జీవం పడే కేసుల్లాంటివి తప్ప. తీరా బెయిల్ వచ్చాక చాలాసార్లు ఇద్దరు జామీనుదారులు (పూచీ ఇచ్చేవాళ్లు) కావాలంటారు, కట్టుకున్నవాడే మొహం చాటేసినప్పుడు ఆమెకి జామీను ఎవరిస్తారు? 2023లో కేంద్రం పేద ఖైదీలకి సాయం స్కీం తెచ్చింది, డబ్బు కట్టలేక బెయిల్ ఆగిపోయినవాళ్లకి ఒక పరిమితి దాకా సాయం చేస్తారు. మీ ఎరుకలో అలాంటి తల్లి ఎవరైనా ఉంటే ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, ఆడవాళ్లకి అక్కడ లాయర్ ఫ్రీ, ఆదాయం ఎంతని కూడా అడగరు.