జీడిమెట్లలో ఒక మందుల షాపు: సరుకు బాగుంది, కౌంటర్ దగ్గరే లోపం

పారిశ్రామికవాడ రోడ్డు మీదున్న ఈ షాపులో మందులకు కొరత లేదు. ఇన్సులిన్ ఫ్రిజ్‌లోనే పెడతారు, బీపీ, షుగర్ గోలీలు ఎప్పుడడిగినా దొరుకుతాయి, రాత్రి 11 దాకా తెరిచే ఉంటుంది. అయినా 5కి 2 కంటే ఎక్కువ ఇవ్వలేం. తెలుగు రానివాళ్లతో సాయంత్రం పూట కౌంటర్‌లో మాట్లాడే తీరు అలా ఉంది.

షిఫ్టు వదిలే వేళకు వచ్చేవాళ్లలో ఒడిశా, బిహార్, జార్ఖండ్ కార్మికులే ఎక్కువ. తెలుగులో అడిగితే 'చెప్పండన్నా' అంటారు. వచ్చీరాని హిందీలో అడిగితే 'ఏయ్, క్యా హోనా, జల్దీ బోల్' అంటారు. మనకు నాలుగు గోలీలు కత్తిరించి ఇస్తారు, వాళ్లకు మాత్రం 15 గోలీల స్ట్రిప్పు మొత్తం అంటగడతారు. ఎలా వేసుకోవాలని రెండోసారి అడిగితే 'ఇక్కడ బతుకుతూ తెలుగు నేర్చుకోలేవా' అని నలుగురూ వినేలా కసురుతారు. అంత మాట పడ్డ మనిషి ఇంకేం అడుగుతాడు? తలూపి వెళ్లిపోతాడు.

అలా వెళ్లిపోతే ఏమవుతుందో మందులమ్మేవాళ్లకు తెలియనిది కాదు. జ్వరానికి పారాసిటమాల్ 650, జలుబుకు ఇంకో గోలీ ఇస్తారు. జలుబు గోలీలు చాలావాటిలో మళ్లీ పారాసిటమాలే ఉంటుంది, కొన్నింటిలో 500 మి.గ్రా. దాకా. రెండూ రోజుకు నాలుగేసి వేసుకుంటే 4,600 మి.గ్రా. అవుతుంది. పెద్దవాళ్లకైనా రోజుకు 4,000 దాటకూడదు, దాటితే దెబ్బ లివర్‌కు. రోజూ తాగే అలవాటున్నవాళ్లకు ఆ హద్దు ఇంకా తక్కువ. ఇది చెప్పడానికి అర నిమిషం చాలు. ఓఆర్‌ఎస్ సంగతీ అంతే. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు, చిన్నది 200 మి.లీ.కు. చెప్పకపోతే పెద్దదే గ్లాసులో కలిపి తాగిస్తారు, విరేచనాలతో నీరసించిన పిల్లలకు ఉప్పు ఎక్కువై ప్రాణం మీదికొస్తుంది.

ఇదే షాపులో పగలు ఉండే ఫార్మసిస్టు అమ్మాయి పని చూడండి. కాగితం కవరు మీద సూర్యుణ్ని, చందమామను గీసి, ఒక్కో బొమ్మ కింద ఎన్ని గోలీలో అన్ని చుక్కలు పెడుతుంది. తిన్నాక వేసుకునేదైతే పక్కన కంచం బొమ్మ. తర్వాత 'అబ్ ఆప్ బోలో' అని వాళ్ల చేతే ఒకసారి చెప్పించుకుంటుంది. ఆమెకు ఒడియా రాదు, హిందీ కూడా అంతంతమాత్రమే. దుబాయ్, మస్కట్ మందుల షాపుల్లో అరబ్బీ రాక మన కరీంనగర్, నిజామాబాద్ వాళ్లు ఇలాగే నిలబడతారని ఆమెకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

కార్మికులకు తోడెళ్లే సూపర్‌వైజర్లు, ఇంటి ఓనర్లు బిల్లు అడిగి తీసుకోండి. కత్తిరించిన ముక్క మీద గడువు తేదీ ఉండకపోవచ్చు, బిల్లులో బ్యాచ్ నంబరుతో సహా ఉందో లేదో అక్కడే చూసుకోండి. ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడ 17 భాషల్లో మాట్లాడతారు, ఒడియా, మైథిలి కూడా ఉన్నాయి.

యజమానికి మా మాట: సాయంత్రం 6 నుంచి 9 దాకా ఆ అమ్మాయినే కౌంటర్‌లో పెట్టండి, లేదా ఆ కవరు పద్ధతి మిగతావాళ్లకూ నేర్పించండి. అంతవరకు కొత్త మందు కొనాల్సినవాళ్లు పగటి పూటే వెళ్లడం మంచిది.